పాంగ్‌పెమా దాకా: కాంచన్‌జంగ ఉత్తర బేస్ క్యాంప్ నడక

నవంబర్ 5, తాప్లేజుంగ్

జీపు దిగేసరికి బజారంతా పెద్ద యాలకుల వాసన. మనం బిర్యానీలో వేసే నల్ల యాలకులే. నేపాల్‌లో ఈ పంటకు తాప్లేజుంగ్ జిల్లాదే పెద్ద పేరు. కోసిన కాయల్ని కట్టెల భట్టీ మీద ఎండబెడతారు కాబట్టి ఆ పొగ ఊరి గాలికి కూడా పట్టేసింది. కొట్ల ముందు గోనె సంచుల మూతులు విప్పి ఉన్నాయి. షావుకార్లు గుప్పెడు తీసి, నలిపి, వాసన చూసి ధర చెబుతున్నారు.

నేను, మా తమ్ముడు విశాఖపట్నం నుంచి వచ్చాం. కాంచన్‌జంగను డార్జిలింగ్ నుంచి, సిక్కిం నుంచి చూసినవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. ఉత్తర ముఖం మాత్రం అటునుంచి కనబడదు. దానికోసం నేపాల్ వైపు నుంచి ఘున్సా లోయ పట్టుకుని లోపలికి నడవాలి. ఆ దారి చివర, టిబెట్ సరిహద్దుకు దగ్గర్లో, 5,143 మీటర్ల ఎత్తున పాంగ్‌పెమా ఉంటుంది. ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కు వెళ్ళే జనంలో చిన్న వంతు కూడా ఇటు రారు. గైడ్ లేకుండా వెళ్ళనివ్వరు కూడా.

మా గైడ్ రాయీ తెగకు చెందిన ముప్ఫై ఏళ్ళ కుర్రాడు. అతన్ని భాయి అని పిలిచేవాళ్ళం. సామాను మోయడానికి వచ్చినాయన లింబూ తెగవాడు, యాభైకి దగ్గరపడిన మనిషి, సన్నగా ఉంటాడు. ఆయన మాకు దాయి, అంటే అన్న. తాప్లేజుంగ్ కిందనే ఆయన ఊరు, కొంచెం యాలకుల తోట ఉంది. కొన్నేళ్ళుగా చిర్కే, ఫుర్కే అనే తెగుళ్ళు తగిలి తోటలో సగం పోయిందట. అందుకే నడక సీజన్లో మళ్ళీ బరువు ఎత్తుతున్నాడు.

ఊళ్ళో గోడల మీద 'నో కేబుల్ కార్' అని రాతలు కనిపించాయి. పైన కొండ మీద పాథిభరా దేవి గుడి ఉంది, దానికి కేబుల్ కారు వేస్తామంటున్నారు. ఆ కొండ లింబూలకు ముక్కుమ్‌లుంగ్, వాళ్ళ పవిత్ర స్థలం. వద్దని వాళ్ళు ఉద్యమం చేస్తున్నారు. నేను అడిగితే దాయి ఒక్క మాటే చెప్పాడు: "ఆ కొండకు నడిచే వెళ్ళాలి."

రాత్రి భోజనం ముందు తోంగ్బా తెచ్చిపెట్టారు. పులియబెట్టిన చోళ్ళు పొడవాటి చెక్క పాత్రలో నింపి, పైన మరిగే నీళ్ళు పోస్తారు. ఐదు నిమిషాలాగి సన్నటి గొట్టంతో పీలుస్తారు. అయిపోతే మళ్ళీ నీళ్ళు, రుచి పలచబడేదాకా అంతే. తమ్ముడు తాగాడు, నేను వాసన చూసి ఊరుకున్నాను. ఇంటికొచ్చిన మనిషికి తోంగ్బా పెట్టకపోతే లింబూల ఇళ్ళలో మర్యాద కాదని హోటలు దీదీ చెప్పింది. తాగనంటే మాత్రం బలవంతం చేయలేదు, నాకు అల్లం టీ ఇచ్చింది.

నవంబర్ 6, సెకథుమ్

రోజంతా జీపు, దుమ్ము, మలుపులు. తమోర్ నది పక్కనే ఉంటుంది కానీ దాన్ని చూసే ధైర్యం చాలాసార్లు రాదు. వానాకాలంలో జారిపడ్డ చోట్ల రోడ్డును అప్పుడే చెక్కినట్టుంది. రెండు చోట్ల అందరం దిగి రాళ్ళు పక్కకు నెడితే గానీ బండి కదల్లేదు. కొన్నేళ్ళ కిందటి వరకు ఈ దూరమంతా నడకే. జీపు వచ్చాక నడిచేవాళ్ళకు రోజులు కలిసొచ్చాయి, మధ్యలో ఊళ్ళలో టీ కొట్లు నడుపుకునేవాళ్ళకు బేరం పోయింది. ఒక చోట మూతబడ్డ లాడ్జి అరుగు మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. డ్రైవరు బండి ఆపి ఆమెకు ఉప్పు పొట్లం, మందుల సంచి ఇచ్చి, డబ్బు అడగకుండానే ముందుకు పోనిచ్చాడు.

సెకథుమ్‌లో ఢిండో తిన్నాం. చోడి పిండిని మరిగే నీళ్ళలో తిప్పి చేసింది, మన సంకటే. పక్కన సిస్నో అని దురదగొండి జాతి ఆకు పులుసు. ముళ్ళ ఆకును పటకారుతో కోసి ఉడికిస్తే ఆ దురద పోయి బచ్చలికూర జిగురు వస్తుంది. ఇంకో గిన్నెలో డల్లే ఖుర్సానీ పచ్చడి, గోళీల్లాంటి గుండ్రటి మిరపకాయలది. గుంటూరు కారం తిని పెరిగిన మాకు కూడా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వంటింటి దీదీ అది చూసి ఎంతో సంతోషపడి ఇంకో చెంచా వేసింది.

ధరలు నేపాలీ రూపాయల్లోనే రాస్తాను. మన 100 వాళ్ళ 160. ఇక్కడ దాల్ భాత్ 450, గది 500. దాల్ భాత్ ఎన్నిసార్లయినా వడ్డిస్తారు. కానీ ఎంగిలి పట్టింపు మన పాత ఇళ్ళలో ఉన్నంత గట్టిగా ఉంది. తింటున్న చెయ్యి గిన్నె మీదికి పోకూడదు, గరిట కంచానికి తగలకూడదు. మాకు అలవాటైన పద్ధతే కాబట్టి రెండో రోజుకే ఇంటి మనుషుల్లో కలిపేసుకున్నారు.

నవంబర్ 7, అమ్జిలోసా

సెకథుమ్ దాటాక తమోర్‌ను వదిలి ఘున్సా ఖోలా, అంటే ఘున్సా నది వెంట నడక. లోయ ఇరుకు. రెండు వైపులా గోడల్లా అడవి, ఎటు చూసినా జలపాతాలు, వేలాడే వంతెనలు. మధ్యాహ్నం మించాక ఎండ తగలదు. ఆఖరి రెండు గంటలు నిటారు మెట్లే.

ఈ దారిలో నేను కొండల కంటే ఎక్కువగా చూసింది వీపుల్ని. ఘున్సాలో తినే ప్రతి బియ్యపు గింజ, లాడ్జీ కప్పుకు వేసే రేకు, బీరు సీసా, గ్యాస్ బండ, ఏదో ఒక కంచరగాడిద మీదో మనిషి మీదో ఎక్కి వస్తుంది. మనుషులు మోసేది డోకోలో, అంటే వెదురు బుట్టలో. దాని బరువంతా నామ్లో అనే పట్టీతో నుదుటి మీద పడుతుంది. చేతిలో తోక్మా ఉంటుంది, ఇంగ్లీషు T అక్షరం ఆకారంలో పొట్టి కర్ర. ఆగినప్పుడు బుట్ట దించరు, కింద తోక్మా ఆనించి నిలబడే ఊపిరి తీసుకుంటారు. దించితే మళ్ళీ ఎత్తడానికి రెండింతలు కష్టం. ఆ ఊపిరి వదిలేటప్పుడు సన్నగా ఒక ఈల వస్తుంది. మలుపు అవతల మనిషి కనబడకముందే ఈల వినిపిస్తుంది, మేం కొండ వైపు ఒదిగి దారి ఇస్తాం. లోయ వైపు నిలబడకూడదని భాయి మొదటి గంటలోనే చెప్పాడు. గాడిదలు తోసేస్తాయి.

ఒక అబ్బాయి ప్లైవుడ్ షీట్లు మోసుకెళ్తున్నాడు. వంతెన మీద గాలి వాటిని తెరచాపలా పట్టుకుని లాగుతుంటే, పక్కకు తిరిగి ఒక్కో అడుగు వేశాడు. వీళ్ళకు కూలి కిలోల లెక్క. ఎన్ని కిలోలు ఎక్కువ ఎత్తితే అంత. మా దాయికి రోజు కూలి, మా సామాను 22 కిలోలకు మించకూడదని ముందే అనుకున్నాం. ఆయన గోల్డ్‌స్టార్ బూట్లు వేసుకుని, మెట్ల మీద ఒకే వేగంతో వెళ్తాడు. మేం పరుగెత్తి ఆగుతాం, ఆయన అసలు ఆగడు. రోజూ మాకంటే ముందే చేరి వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ కనిపిస్తాడు.

నవంబర్ 8, గ్యాబ్లా

పొద్దున దట్టమైన వెదురు అడవి, తేమ, రాళ్ళ మీద నాచు. ఒకచోట పాత దారి వానలకు కొట్టుకుపోయింది. కొత్తది ఎక్కడ మొదలవుతుందో మంచుపొగలో తెలియలేదు. భాయి వెనక ఉన్నాడు, దాయి ఎప్పుడో వెళ్ళిపోయాడు. పశువులు తొక్కిన బాట ఒకటి కిందికి పోతుంటే అదే పట్టుకున్నాం. అరగంట దిగాక బాట నది ఒడ్డున ఇసుకలో ఆగిపోయింది. ఎదురుగా విరిగిన వంతెన స్తంభం ఒక్కటే ఉంది.

పైనుంచి ఎవరో కేకేశారు. జొపా దూడల్ని తోలుకుంటున్న ఒకామె, యాకుకీ ఆవుకీ పుట్టే జాతి అది. చేత్తో 'అక్కడే ఉండండి' అని సైగ చేసి, తన పశువుల్ని ఒక బండకు చేరేసి, గబగబా దిగి వచ్చింది. మాకు నేపాలీ అంతంత మాత్రం, ఆమెకు హిందీ రాదు. నా సంచి లాక్కుని తన భుజాన వేసుకుని ముందు నడిచింది. సరైన దారి మీదికి తెచ్చాక వంద రూపాయల నోటు ఇవ్వబోతే వెనక్కి తోసి, తమ్ముడి జేబులో కనిపిస్తున్న పల్లీ చిక్కీ వైపు చూపించింది. పెట్టెడు ఇచ్చేశాం. ఒకటి అక్కడే కొరికి, తలూపి, మిగతావి చుబా అనే పొడవాటి అంగీ మడతలో దాచుకుంది.

గ్యాబ్లాలో రాత్రికి ఉన్న ఒక్క లాడ్జీలో మంచం దొరికింది. దాల్ భాత్ 550 అయింది.

నవంబర్ 9, 10, ఘున్సా

ఫలే ఊరు దాటాక లోయ ఒక్కసారిగా విప్పుకుంది. దారి మధ్య మణి గోడలు మొదలయ్యాయి, మంత్రాలు చెక్కిన రాళ్ళను పేర్చినవి. వాటిని మన కుడి చేతి వైపు ఉంచుకుని దాటాలి. దాయి బౌద్ధుడు కాకపోయినా, అంత బరువుతోనూ అటు చుట్టి వెళ్ళడం ప్రతిసారీ చూశాను.

ఘున్సా దాదాపు 3,400 మీటర్ల ఎత్తులో ఉన్న పెద్ద ఊరు. చెక్క ఇళ్ళు, కప్పు పలకల మీద గాలికి ఎగరకుండా రాళ్ళు, ప్రతి పెరట్లో జెండా కర్ర. సొంత జలవిద్యుత్తు ఉంది, రాత్రి బల్బు బాగా వెలుగుతుంది. ఒళ్ళు ఎత్తుకు అలవాటు పడాలని ఇక్కడ రెండు రాత్రులు ఆగాం. మా లాడ్జీ దీదీ రికీ కుర్ చేసిపెట్టింది. పచ్చి బంగాళాదుంప తురిమి, కాస్త పిండి కలిపి, పెనం మీద అట్టుగా పోసి, పైన యాక్ వెన్న. మేం తెచ్చుకున్న కరివేపాకు పొడి చల్లి ఆమెకూ పెట్టాం. రెండో రోజు పొద్దున ఆ డబ్బా కోసం తనే అడిగింది.

పొయ్యి చుట్టూ కూర్చున్నప్పుడు తమ్ముడు బిస్కెట్ కాగితం నిప్పులో వేయబోతే ఆమె చటుక్కున చెయ్యి పట్టుకుంది. పొయ్యి దేవత స్థానం, చెత్త వేయకూడదు. మనకూ అగ్ని దేవుడే కదా అనిపించి గౌరవం కలిగింది.

ఆ పొయ్యి దగ్గరే భాయి మా ఊరు ఎక్కడని సరిగ్గా అడిగాడు. విశాఖపట్నం, సముద్రం ఒడ్డు, బంగాళాఖాతం అని ఫోన్లో మ్యాప్ చూపించాను. 2014లో హుద్‌హుద్ తుఫాను మా ఊరి మీదే తీరం దాటిందని మాటల్లో వచ్చింది. అతను గిన్నె కింద పెట్టేశాడు. ఆ అక్టోబర్లో అతను మనాంగ్‌లో పోర్టరు. 12వ తేదీన మా ఇంటి కిటికీలు ఊడిపోయిన తుఫాను ఉత్తరానికి జరిగి, 14న అన్నపూర్ణ ప్రాంతంలో మంచు తుఫానుగా పడింది. థొరాంగ్ లా కనుమ చుట్టుపక్కల 40 మందికి పైగా చనిపోయారు. నడకకు వచ్చినవాళ్ళు, గైడ్లు, పోర్టర్లు, యాక్ కాపరులు. భాయి తోటివాడు ఒకడు పైకి వెళ్ళి తిరిగి రాలేదు. హుద్‌హుద్ అన్న పేరు అతనికి తెలుసు, అది ఏ ఊరి నుంచి వచ్చిందో తెలియదు. కరెంటు లేక, నీళ్ళు లేక మేం పడిన ఆ వారమంతా నాకు గుర్తుంది. కానీ అదే గాలి ఇంత పైకి వచ్చి మనుషుల్ని చంపిందని ఇన్నేళ్ళలో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆ తర్వాత మా మాట తీరు మారింది. రోజూ సాయంత్రం అతను బంగాళాఖాతం మీద మేఘాల ఫోటో చూసి, నాకూ చూపించేవాడు.

ఈ లోయకు ఇంకో గాయమూ ఉంది. కాంచన్‌జంగ సంరక్షణ ప్రాంతం 1997లో ఏర్పడింది. దాని నిర్వహణను 2006 సెప్టెంబర్లో ప్రభుత్వం స్థానికుల చేతికి అప్పగించింది. ఆ పని ముగించుకుని ఘున్సా నుంచి తిరిగి వెళ్తున్న హెలికాప్టర్ సెప్టెంబర్ 23న ఈ కొండల్లోనే కూలిపోయింది. అందులో ఉన్న 24 మందీ చనిపోయారు. నేపాల్ ప్రకృతి సంరక్షణలో పేరున్న చంద్ర గురుంగ్, మింగ్మా నొర్బు షెర్పా వంటివాళ్ళు ఒకే రోజు పోయారు. ఘున్సావాళ్ళు ఆ రోజు గురించి ఇంకా మెల్లగానే మాట్లాడతారు.

రెండో రోజు సాయంత్రం దాయి వంటింటి మూల మామూలు అన్నం, పలచటి పప్పు తింటుంటే కూర ఏదని అడిగాను. పోర్టర్ల తిండి కూలిలోనే అట. రోజుకు 1,600 వస్తే, ఈ ఎత్తులో పోర్టర్ల ధరకే తిన్నా సగం పొట్టకే పోతుంది. మేం ఆయన పేరు మీద ఏజెన్సీకి కట్టింది రోజుకు 2,500. ఆ రాత్రి నుంచి ఆయన భోజనం మా లెక్కలో రాయమని దీదీకి చెప్పాం. దాయి చాలాసేపు ఒప్పుకోలేదు. చివరికి తమ్ముడు "మా ఇంట్లో పెద్దవాళ్ళు తినకుండా మేం తినం" అని హిందీలో గట్టిగా అన్నాక, నవ్వి, యాక్ మాంసం కూర చెప్పించుకున్నాడు.

నవంబర్ 11, 12, ఖంబాచెన్

ఘున్సా పైన లార్చ్ చెట్ల అడవి. సూదుల ఆకులు రాలే ముందు పసుపు రంగుకు తిరుగుతాయి. నవంబర్ మొదట్లో లోయ అంతా ఆ పసుపే, పైన నీలం, దాని మీద మంచు. రెండు గంటలు నాకు ఊపిరి కష్టం కూడా గుర్తు రాలేదు.

ఖంబాచెన్ ముందు పెద్ద జారుడు వాలు ఉంది. పైనుంచి రాళ్ళు ఎప్పుడైనా దొర్లొచ్చు. భాయి ఒక్కొక్కరినే పంపాడు. తను పైకి చూస్తూ నిలబడి, చెయ్యి ఊపితేనే కదలాలి. మాట్లాడొద్దు, ఆగొద్దు, ఫోటో వద్దు. అవతల జన్నూ శిఖరం కనిపించింది. అధికారిక పటాల్లో దాని పేరు కుంభకర్ణ, 7,710 మీటర్లు. నిజంగానే పడుకున్న దేహం ఒకటి లేచి కూర్చున్నంత బరువైన రాతి గోడ. ఫోటోల్లో ఎంత చూసినా ఆ దగ్గరితనం తెలియదు, మెడ పూర్తిగా వెనక్కి వంచాలి.

ఊరు దాదాపు 4,100 మీటర్ల ఎత్తున ఉంది. మర్నాడు నడక లేదు, దగ్గరి వాలు ఎక్కి దిగాం. చలికాలం మొదలైంది, సగం ఇళ్ళకు తాళాలు. ఉన్నవాళ్ళు యాక్‌లను కిందికి తోలే పనిలో ఉన్నారు. మంచు చిరుతలు ఇక్కడ యాక్ దూడల్ని ఎత్తుకెళ్తాయి. 2013లో నేపాల్‌లో మొదటిసారి మంచు చిరుత మెడకు శాటిలైట్ కాలర్ కట్టింది ఈ సంరక్షణ ప్రాంతంలోనే. దాన్ని చూశారా అని ఒక కాపరిని అడిగితే, "అదే మమ్మల్ని చూస్తుంది" అన్నాడు.

వేడినీళ్ళ ఫ్లాస్కు 400, ఫోన్ ఛార్జింగ్ 300, దాల్ భాత్ 750. ఇవి ఎక్కువ అనిపిస్తే, అమ్జిలోసా మెట్ల మీద ఆ వీపుల్ని గుర్తు తెచ్చుకోవాలి.

నవంబర్ 13, ల్హోనాక్

ఎడమ పక్క రాళ్ళ గుట్టలు, కుడి పక్క కాంచన్‌జంగ హిమానీనదం. అది తెల్లగా ఉంటుందనుకునేవాళ్ళు నిరాశపడతారు. పైన అంతా బూడిద రంగు రాళ్ళు, మట్టి. అక్కడక్కడా పగుళ్ళలో మాత్రం ఆకుపచ్చటి మంచు మెరుస్తుంది. కింద ఎక్కడో నీళ్ళ చప్పుడు, మధ్య మధ్యలో రాళ్ళు జారే శబ్దం.

దాదాపు 4,780 మీటర్ల ఎత్తులో ల్హోనాక్ చేరేసరికి ఒంటిగంట. చెట్టు లేదు, పేడ పిడకల పొయ్యి, నాలుగు రాతి గదులు. మూడు గంటలకు తమ్ముడికి తలనొప్పి మొదలైంది. నాలుగు కాకముందే వాంతి. వేలికి పెట్టే మీటర్లో ఆక్సిజన్ 66 చూపించింది, నాది 81. గదిలో నేరుగా నడవమంటే అడుగు తూలింది. భాయి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "రాత్రి ఇక్కడ ఉండకూడదు. ఇప్పుడే కిందికి." మాత్ర వేసి, రెండు హెడ్‌ల్యాంపులు, ఫ్లాస్కు, బిస్కెట్లు సర్దాడు. నేనూ వస్తానని సంచి ఎత్తుకుంటే తమ్ముడు ఆపాడు. "అక్కా, నువ్వు దాయితో వెళ్ళు. నువ్వు కూడా దిగిపోతే నాకు ఇంకా టెన్షన్." భాయి కూడా అదే చెప్పాడు. దిగితే తగ్గుతుంది, ముగ్గురు నడిస్తే ఆలస్యం అవుతుంది.

వాళ్ళ లైట్లు మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్ పని చేయదు. దాయి పొయ్యి దగ్గరే కూర్చుని, గంటకోసారి "ఇప్పుడు జారుడు రాళ్ళు దాటి ఉంటారు", "ఇప్పుడు చిన్న వంతెన దగ్గర ఉంటారు" అని లెక్క చెప్పాడు. తొమ్మిదింటికి "చేరిపోయారు. ఇక పడుకో బహినీ" అన్నాడు, బహినీ అంటే చెల్లెలు. ఎలా తెలుసని అడగలేదు. ఆయన లెక్క నాకు చాలింది.

నవంబర్ 14, పాంగ్‌పెమా

నాలుగున్నరకు బయలుదేరాం. సీసాలో నీళ్ళు గడ్డకట్టాయి. దాయి తన చేతి తొడుగులు నా వాటి మీద వేయించాడు. దారి హిమానీనదం అంచున పోతుంది, ఆ అంచు చాలాచోట్ల విరిగి లోపలికి పడిపోయింది. అలాంటి చోటల్లా పైకెక్కి చుట్టి రావాలి. నేను పది అడుగులకు ఒకసారి ఆగుతుంటే, ఆయన నా వెనకే, నేను వేసినంత అడుగే వేశాడు. వెలుతురు వచ్చేసరికి పక్క వాలు మీద నీలిగొర్రెల మంద మమ్మల్ని పట్టించుకోకుండా గడ్డి గీరుతోంది.

ఎనిమిదిన్నరకు ఒక మెరక ఎక్కాక నేల చదునైంది. ఎదురుగా కాంచన్‌జంగ ఉత్తర ముఖం. మేం నిలబడ్డ చోటు నుంచి శిఖరం ఇంకా 3,400 మీటర్లకు పైగా ఉంది. వేలాడుతున్న మంచు గోడలు, అరలు అరలుగా. ఎక్కడో ఒక ముక్క విరిగి తెల్లటి పొగ లేచాక, చాలాసేపటికి గాని ఆ ఉరుము మా దాకా రాలేదు. ఎడమ వైపు ట్విన్స్, ఇటు వెడ్జ్ పీక్ అనే శిఖరాలు. నేను ఏడ్చాను. తమ్ముడు పక్కన లేడని కొంత, నేను అక్కడ ఉన్నానని కొంత.

1930లో డైరెన్‌ఫర్త్ నాయకత్వంలో వచ్చిన బృందం ఇటు నుంచే ప్రయత్నించింది. హిమపాతం కింద పడి చెత్తన్ అనే షెర్పా చనిపోయాడు. 1955 మే 25న జో బ్రౌన్, జార్జ్ బాండ్ మొదటిసారి ఈ కొండ ఎక్కింది అవతలి యాలుంగ్ వైపు నుంచి. కొన పవిత్రమని నమ్మే సిక్కింవాళ్ళకు మాట ఇచ్చి, వాళ్ళు కొన కొన్ని అడుగుల దూరంలోనే ఆగిపోయారు. ఇటు నుంచి దారి దొరికింది 1979లో. డగ్ స్కాట్, పీటర్ బోర్డ్‌మన్, జో టాస్కర్ ఆక్సిజన్ సిలిండర్లు లేకుండా ఎక్కారు. పోలండ్‌కు చెందిన వాండా రుట్కివిచ్ 1992 మేలో ఈ కొండ మీదే, పైన ఒంటరిగా ఉండిపోయి, మళ్ళీ కనబడలేదు.

ఇవి నేను చదివి తెలుసుకున్నవి. దాయికి తెలిసింది వేరు. పద్దెనిమిదేళ్ళప్పుడు ఆయన ఒక యాత్రా బృందం సామాను ఇక్కడికి మోసుకొచ్చాడు. అప్పుడు జీపు లేదు, తాప్లేజుంగ్ నుంచే నడక. నలభై కిలోల పెట్టె, గుడ్డ బూట్లు. వంట గుడారం ఎక్కడ వేశారో, పెట్టెలు ఎక్కడ దించారో, మంచు పడిన రాత్రి పోర్టర్లంతా ఏ బండ కింద ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారో నడిచి చూపించాడు. సామాను దించిన రోజే కూలి ఇచ్చి వెనక్కి పంపేశారట. "కొండ చూడ్డానికి టైం లేదు. మబ్బుగా కూడా ఉంది. ఇన్నేళ్ళకు ఇవాళే చూశాను" అన్నాడు. నా ఫోన్ తీసుకుని, నన్ను కాదు, కొండనే ఫోటోలు తీశాడు, వరసగా చాలా. తర్వాత ఆ బండ దగ్గర తనను తీయమన్నాడు.

సత్తూ అనే వేయించిన గింజల పిండి, పల్లీ చిక్కీ పంచుకుని తిన్నాం. పదిన్నరకు గాలి లేచింది, దిగడం మొదలుపెట్టాం. ల్హోనాక్‌లో సూపు తాగి ఆగకుండా ఖంబాచెన్‌కే నడిచాం. చీకటి పడ్డాక చేరేసరికి తమ్ముడు పొయ్యి పక్కన ఉడికించిన దుంపలు ఉప్పూకారంతో తింటున్నాడు. ఆక్సిజన్ 84. ఏడు వందల మీటర్లు దిగగానే తలనొప్పి తగ్గిపోయిందట. నన్ను చూసి మొదట అడిగింది "దాయి తిన్నాడా?" అని.

నవంబర్ 18, తాప్లేజుంగ్

దిగడం వేగంగానే అయింది. మోకాళ్ళు మాత్రం అమ్జిలోసా మెట్ల దగ్గర ఎదురు తిరిగాయి.

లెక్కలు: తాప్లేజుంగ్ నుంచి మళ్ళీ తాప్లేజుంగ్ దాకా, గైడు, పోర్టరు, గదులు, తిండి, జీపు కలిపి మనిషికి మన డబ్బులో 65,000 వరకు అయింది. పైన ఎక్కడా కార్డు పనికిరాదు, నగదు చిన్న నోట్లలో ఉంచుకోవాలి. ఖంబాచెన్, ల్హోనాక్‌ల కోసం ఒకటి రెండు రోజులు అదనంగా పెట్టుకోండి. ఒంట్లో బాగా లేకపోతే దిగడానికి ఆ రోజులే కావాలి.

పోర్టరు గురించి ఏజెన్సీని ముందే మూడు ప్రశ్నలు అడగండి: అతని చేతికి రోజుకు ఎంత అందుతుంది, తిండి ఎవరిది, ప్రమాద బీమా ఉందా. సూటిగా చెప్పకపోతే ఇంకొకరిని చూసుకోండి. తాప్లేజుంగ్‌లో మేం వెళ్ళి అడిగితే, ఆఫీసు ఖర్చులని, అదని, ఇదని ఏదో చెప్పారు. ఆ 900 తేడా అన్ని రోజులకూ లెక్క కట్టి, బక్షీస్ వేరుగా పెట్టి, దాయి చేతికే ఇచ్చాం. ఆయన నోట్లు ఎంచలేదు. చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, చిన్న కూతురికి స్కూలు బూట్లు కొనాలి, కొట్టు మూసేస్తారని గబగబా బజారులోకి వెళ్ళాడు.